అరువు ఇంటిపేర్లు

"ఆపరేటర్ తప్పిదం" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒకరికి పడాల్సిన డబ్బు ఇంకొకరి ఖాతాలో పడినా, బతికున్న మనిషిని రేషన్ కార్డులో చంపేసినా, మర్నాడు పేపర్లో ఆ మాటే ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిదే తప్పంతా. దాని లోపల ఉన్నదంతా రాసినవాళ్ళు, రాయించినవాళ్ళు మాత్రం ఏసీ గదిలో టీ తాగుతూ ఉంటారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ లోపలి వైపునే ఉన్నాను కాబట్టి ఊరికే నోరు పారేసుకోవడం లేదు, తెలిసే మాట్లాడుతున్నాను.

నేను రిటైరైన రోజున ఆఫీసులో శాలువా కప్పి, నా ఓపిక గురించి, క్రమశిక్షణ గురించి తలా ఒక ముక్క మాట్లాడారు. ఇప్పుడు చెప్పబోయే ఈ సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఈమధ్య గుంటూరు కాలేజీల్లో చదివే పిల్లలు కొందరు మా ఇంటికి వస్తున్నారు. "మేడమ్, మీరు డేటాబేస్ సర్వర్ సోర్స్ కోడ్‌లోనే పని చేశారట కదా" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడుగుతున్నారు. చేశాను. అందులో చెయ్యి పెడితే ఎవరి మెడకు చుట్టుకుందో కూడా వినండి మరి.

మాదేమీ పెద్ద కంపెనీ కాదు. బ్రాడీపేటలో ఒక మేడ మీద నాలుగు గదులు. గుంటూరు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్ళం. రైతు మిర్చి తెచ్చి దించితే అవి ఎవరివి, ఎన్ని టిక్కీలు, ఏ ఛాంబర్లో పెట్టారు, ఎప్పుడు బయటికి తీశారు అన్నీ అందులో ఉండాలి. మిర్చిని తొక్కి కుట్టిన గోతాన్ని మా వైపు టిక్కీ అంటారు. సీజన్లో లారీలు గేటు దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు దాకా బారులు తీరతాయి. అన్ని కౌంటర్లలోనూ ఒకేసారి ఎంట్రీలు కొడుతుంటే పాత కంప్యూటర్లు మొరాయించేవి. వెనక లారీల డ్రైవర్ల హారన్లు, రైతుల కేకలు, గాలిలో ఘాటుకి అందరికీ దగ్గులు, తుమ్ములు. యజమానులేమో కొత్త మిషన్లు కొనరు.

మా బాస్ మాటకారి. "మీరు కొత్తవి కొనక్కర్లేదండీ, మా సర్వర్‌నే స్పీడుగా చేసి ఇస్తాం" అని వాళ్ళకి మాట ఇచ్చేశాడు. ఇచ్చాక మమ్మల్ని అడిగాడు. అలా ఖాతాలన్నీ దాచిపెట్టే ఒక డేటాబేస్ సర్వర్ సోర్స్ కోడ్, అంటే దాని లోపలి రాత, ఉచితంగా దొరికితే తీసుకుని దాని పొట్టలో చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. సర్వర్‌కి రైతు పేరైనా, ఊరి పేరైనా అక్షరాల వరసే. ఆ వరసను మెమరీలో ఎక్కడ పెట్టాలి, ఎంత చోటు ఇవ్వాలి, అవసరం తీరాక ఆ చోటు ఎప్పుడు ఖాళీ చేయాలి అన్నది చూసుకునే కోడ్‌ని స్ట్రింగ్ క్లాస్ అంటారు. సర్వర్లో ఏ మూలకి వెళ్ళినా అదే తగులుతుంది. మా పనికి తగ్గట్టు దాన్ని పొడిగించే బాధ్యత నా దగ్గర పనిచేసే ఒకతనికి అప్పగించాను. ఒంగోలు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. మంచి చురుకైనవాడు, మాట తక్కువ.

అతనికి వచ్చిన ఆలోచన ఈ ప్రాంతం వాడికే వస్తుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం. ఒక ఊరి నుంచి లారీ వచ్చిందంటే అందులో సగం మందికి పైగా ఒకే ఇంటిపేరు వాళ్ళు ఉంటారు. ఊరు ఎలాగూ ఒకటే. మరి అదే ఇంటిపేరు, అదే ఊరు ప్రతి మనిషికీ విడివిడిగా దాచడం ఎందుకు? ముందు ఎంట్రీ పడ్డ రైతు దగ్గర ఒకసారి ఉంచి, మిగతావాళ్ళు దాన్నే చూసుకుంటే పోతుంది. వాళ్ళకి సొంత పేరు ఒక్కటే దాస్తే చాలు. అతను ఆ విధంగా స్ట్రింగ్ క్లాస్‌కి కొత్త కోడ్ చేర్చి చూపించినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆ పాత మిషన్ల మీదే ఎంట్రీలు చకచకా పడిపోయాయి.

అయితే ఆ ముందు రైతు తన సరుకు తీసుకుని వెళ్ళిపోతే ఏమవుతుందని అడిగాను. పదిమంది బస్సెక్కి, అందరి టికెట్లూ ఒకడే తీసి జేబులో పెట్టుకున్నాడనుకోండి. వాడు మధ్యలో దిగిపోతే మిగతావాళ్ళ గతి ఏమిటి? అతను అది ముందే ఆలోచించాడు. ఉమ్మడి చోటు పక్కన ఒక లెక్క పెట్టాడు. ఎంతమంది ఆ చోటును చూస్తున్నారో అది చెబుతుంది. ఒకరు చేరితే ఒకటి పెరుగుతుంది, వెళితే ఒకటి తగ్గుతుంది. చివరివాడు కూడా వెళ్ళాకే ఆ చోటు ఖాళీ అవుతుంది. చక్కగా ఉంది, నేను సరే అన్నాను.

తర్వాత బాస్ డెమో పెట్టాడు. కోల్డ్ స్టోరేజీ యజమానులంతా వచ్చి కూర్చున్నారు. కౌంటర్లన్నీ ఒకేసారి ఆ లెక్కను ముట్టుకోవాలంటే ఒకదాని కోసం ఒకటి ఆగాలి. ఆ ఆగడం మనిషికి తెలియనే తెలియదు. కానీ మా బాస్ గోడ మీద పెద్ద తెర పెట్టి దాని మీద స్పీడు చూపించే ముల్లు ఒకటి తిప్పుతున్నాడు. ఆ ముల్లు రెండుమూడు సార్లు కాస్త కిందికి జారింది. అంతే, ఆయన ముఖం మాడిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే మమ్మల్ని పిలిచి ఆ లెక్క తీసేయమన్నాడు. కుదరదన్నాను. ఇది దించే సీజను, ఇప్పుడు ఎవడూ సరుకు బయటికి తీయడు, తీసే రోజులొచ్చేసరికి మళ్ళీ పెట్టేద్దాం అన్నాడు. ఒక్కడు తీసినా కొంప మునుగుతుందన్నాను. అందరి ముందూ నవ్వి, "మేడమ్ గారిది బడిపంతుళ్ళ కుటుంబం గదా, మార్కులు వెయ్యడం తప్ప సరుకు అమ్మడం తెలీదు" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఒంగోలు అతను నవ్వలేదు గానీ, ఆ సాయంత్రమే కూర్చుని లెక్క తీసేశాడు. జీతం ఇచ్చేవాడు చెప్పాక అతను మాత్రం ఏం చేస్తాడు అని మీరనవచ్చు. నేనూ అప్పట్లో అదే అనుకున్నాను.

సీజను బ్రహ్మాండంగా నడిచింది. లారీలు ఆగలేదు, కేకలు తగ్గాయి. బాస్ అందరికీ స్వీట్లు పంచాడు. ఎండలు ముదిరి, దించడాలు అయిపోయాక ఒకరోజు నన్ను పిలిచి నగరం బయట ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి రమ్మన్నాడు. అక్కడ ఆపరేటర్‌గా పనిచేసే అమ్మాయి టిక్కీలు పేర్లు మార్చి ఎవరికో ఇచ్చేసిందట. పెద్ద గొడవగా ఉందట. "మీరు వెళ్ళి సిస్టమ్‌లో లోపం లేదని ఒక మాట చెప్పి రండి మేడమ్, మీరు చెబితే నమ్ముతారు" అన్నాడు. రిపోర్టు కూడా అప్పటికే టైపు చేయించి ఉంచాడు. నేను ఇంకా చూడకముందే నేను చూసి తేల్చిన విషయం అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు కూడా వదిలారు. అప్పుడే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం టేబుల్ మీదే వదిలేసి వెళ్ళాను.

జరిగింది ఇదీ. దర్శి వైపు ఒక ఊరి నుంచి కౌలు రైతు ఒకతను తన టిక్కీలు తీసుకోవడానికి వచ్చాడు. కంప్యూటర్‌లో అతని పేరే లేదు. అతని టిక్కీలు పెట్టిన చోట అద్దంకి వైపు రైతు ఎవరిదో పేరుంది. ఆ అద్దంకి రైతు తరఫున కమీషన్ ఏజెంటు కొద్ది రోజుల క్రితమే వచ్చి ఆ పేరు మీద ఉన్నవన్నీ తీసుకెళ్ళి మిర్చి యార్డులో అమ్మేశాడు. ఏడాదంతా పడ్డ కష్టం ఇంకొకరి గోతాల్లో కలిసిపోయింది. అతను గేటు దగ్గర కూలబడి, సరుకు లేకుండా ఊళ్ళోకి ఏ ముఖం పెట్టుకుని పోవాలని ఒకటే ఏడుపు.

కంప్యూటర్‌లో రికార్డు వెనక్కి తిరగేసి చూస్తే మార్పు జరిగింది ఆపరేటర్ లాగిన్ మీద. ఆ అమ్మాయి సొంతూరు అద్దంకి పక్కన. ఇంకేం కావాలి? తన వైపు వాళ్ళకి మేలు చేసుకుందని అక్కడివాళ్ళంతా తేల్చేశారు. పేర్లు పిచ్చిపిచ్చి గుర్తులుగా మారి ఉంటే ఎవరైనా మిషన్‌నే అనుమానించేవాళ్ళు. కానీ అక్కడ ఉన్నది నిఖార్సయిన పేరు. ఆ ఇంటిపేరు ఉంది, ఆ ఊరు ఉంది, ఆ మనిషి కూడా నిజంగా ఉన్నాడు.

ఆమె కాటా పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉంటాయి. అద్దంకిలో డిగ్రీ చదివింది, భర్త ఆటో నడుపుతాడు. ఏళ్ళ తరబడి అదే కుర్చీలో కూర్చుని పేర్లు కొడుతోంది. మేనేజరు ఆమెకి రెండు దారులు చూపించాడు. మర్నాడు పెద్దమనుషులు కూర్చుంటారు, వాళ్ళ ముందు తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది గానీ కేసు ఉండదు. ఒప్పుకోకపోతే పోలీస్ స్టేషన్. ఒప్పుకుని ఇంటికొచ్చెయ్ అని భర్త కూడా ఫోన్లో అంటున్నాడట.

నన్ను చూసి లేచి నిలబడింది. ఏడవలేదు. "మేడమ్, నేను మార్చలేదు. ఒప్పుకుంటే ఇంక గుంటూరులో ఏ స్టోరేజీలోనూ నన్ను కీబోర్డు తాకనివ్వరు. మా ఊళ్ళో దొంగదని పేరు పడుద్ది. మీరన్నా చూసి చెప్పండి, నేను మార్చానా?" అంది.

చూశాను. ఆ కౌలు రైతుతో పాటు అదే లారీలో వచ్చి, అదే ఇంటిపేరు ఉన్నవాళ్ళలో ఒక్కడికీ సొంత ఇంటిపేరు మిగల్లేదు. అందరూ అద్దంకి వైపు వాళ్ళయిపోయారు. వీళ్ళలో కౌలు రైతు సొంత పేరే అక్కడ ఒక రైతుకీ ఉండబట్టి ఇతని సరుకు అటు పోయింది. మిగతావాళ్ళు ఇంకా సరుకు కోసం రాలేదు కాబట్టి గొడవ బయటపడలేదు. అంతమంది పేర్లు ఒక్కొక్కటిగా మార్చి ఆ అమ్మాయికి ఒరిగేదేమిటి? మేనేజర్‌ని ఆ మాటే అడిగితే, "అందుకే మేడమ్ పెద్ద ప్లానే వేసింది" అన్నాడు. ఇలాంటి వాళ్ళకి ఏం చెబుతాం.

నాకు అనుమానం ఎక్కడుందో మీకు తెలిసిపోయే ఉంటుంది. కానీ ఒకటి తెగలేదు. అద్దంకి పేరు వచ్చి పడింది దించే రోజుల్లోనే. దించే రోజుల్లో ఆ ముందు రైతు సరుకు ఎందుకు తీస్తాడు? బాస్ చెప్పిన ఆ ముక్క వరకూ నిజమే, ఆ రోజుల్లో ఎవరూ తీయరు.

ఆ కౌలు రైతుకు తోడుగా ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వరసకి బాబాయి. నేను తల పట్టుకుని కూర్చుంటే పక్కన కుర్చీలో చేరి, మంచినీళ్ళు తాగమ్మా అని బాటిల్ అందించాడు. మాటల మధ్యలో లారీ ఎలా వస్తుంది, ముందు ఎవరి సరుకు దించుతారు అని అడిగాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు.

"మా ఊరి లారీకి బోణీ నాదేనమ్మా. నా చెయ్యి మంచిదంటారు. ఎవురి లారీ అయినా ముందు నాయి రెండు టిక్కీలు దించాల్సిందే. ఉగాది పోయిన తెల్లారి మళ్ళా నాయే ముందు తీసి యార్డులో బోణీ కొడతారు. ఆ తర్వాతే మిగతావాళ్ళు ఎప్పుడు తీసుకోవాలనుకుంటే అప్పుడు తీసుకుంటారు. నాకు పండింది కూడా అంతేలే" అన్నాడు.

ముడి అక్కడే విడిపోయింది. ఆ ఊరి ఇంటిపేరు మొత్తం ఎవరి దగ్గర దాచామో ఆయనే అందరికంటే ముందు వెళ్ళిపోయే మనిషి. ఆయన రెండు టిక్కీలు బయటికి వెళ్ళగానే ఆ చోటు ఖాళీ అయింది. తర్వాత వచ్చింది అద్దంకి లారీ. ఆ ఖాళీ చోట్లోకి వాళ్ళ ఇంటిపేరు, వాళ్ళ ఊరు వచ్చి కూర్చున్నాయి. దర్శి వాళ్ళు పాపం ఇంకా అక్కడే చూస్తున్నారు. సాయంత్రం రోజువారీ ముగింపు కొడితే సర్వర్ ఖాతాలన్నిటినీ తిరిగి రాస్తుంది, అప్పుడు కనపడ్డ పేరే శాశ్వతంగా పడిపోతుంది. ఆ ముగింపు బటన్ కొట్టేది ఆపరేటర్. అందుకే ఆమె లాగిన్ పడింది.

బయటికి వచ్చి ఒంగోలు అతనికి ఫోన్ చేసి విషయం చెప్పాను.  విని, నెమ్మదిగా చెప్పాడు. ఈ స్టోరేజీ నుంచి మొదటి ఫోన్ వచ్చిన రోజే అతను కోడ్ చూసి ఇది అదేనని పట్టుకున్నాడు. బాస్‌కి చెప్పాడు. బాస్ నోరు మూసుకోమన్నాడు.

అంటే అన్నీ తెలిసే నన్ను పంపారు. నా సంతకం పెట్టించుకుని ఆ అమ్మాయిని స్టేషన్‌కి పంపాలని చూశారు. నా ఉద్యోగంలో ఎన్నో అవమానాలు చూశాను గానీ అంత కోపం ఎప్పుడూ రాలేదు. వెంటనే బాస్‌కి ఫోన్ చేశాను. ఆయన అరవలేదు, గద్దించలేదు. అదే ఇంకా కంపరం పుట్టించింది.

"మేడమ్, ఇది బయటికొస్తే మిగతా స్టోరేజీలన్నీ మన సాఫ్ట్‌వేర్ పీకేస్తాయి. మన ఆఫీసులో ఎంతమంది ఇళ్ళు నడుస్తున్నాయో మీకు తెలుసు. ఒక అమ్మాయి ఇంకోచోట పని చూసుకుంటుంది. ఏది ఎక్కువో మీరే చెప్పండి" అన్నాడు.

"మీరు ఎంచే లెక్కలో ఆ అమ్మాయి లేనే లేదండీ" అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో పెద్దమనుషులు కూర్చున్నారు. అద్దంకి వైపు నుంచి కొందరు, దర్శి వైపు నుంచి కొందరు. ఇస్త్రీ చొక్కాలు, చేతిలో ఫోన్లు, ముఖాల నిండా తీర్పు. ఆపరేటర్‌ని తలుపు దగ్గర నిలబెట్టారు, ఆమెకి కుర్చీ వెయ్యలేదు. మా బాస్ కారులో వచ్చాడు. వెనక సీట్లో ఒంగోలు అతన్ని కూడా తెచ్చాడు. టెక్నికల్‌గా ఎవరైనా అడిగితే అతని చేత చెప్పించవచ్చని కాబోలు.

బాస్ ఫైల్లోంచి ఆ రిపోర్టు తీసి చదవబోయాడు. కింద నా సంతకం లేదు, తనదే పెట్టుకున్నాడు. నేను లేచి, చదివే ముందు ఒకటి చూపిస్తానన్నాను. ఇప్పుడు ఈ డెమోలెందుకు మేడమ్ అని నా వైపు గుడ్లురిమాడు. కౌలు రైతు బాబాయి, ఆ దర్శి పెద్దాయన, "చూపియ్యనీండయ్యా, చూస్తే ఏం పోయింది" అన్నాడు.

ఇంకో మిషన్ మీద అదే సర్వర్ ఖాళీగా పెట్టి ఉంచాను. ఆపరేటర్‌ని పిలిచి కుర్చీలో కూర్చోమన్నాను. మేనేజర్ ఏదో అనబోతే, పేర్లు ఆమే కొట్టాలి, రోజూ కొట్టేది ఆమే కదా అన్నాను. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని కీబోర్డు అందుకుంది. ముందు పెద్దాయన పేరు కొట్టింది, తర్వాత ఆ ఊరి వాళ్ళందరివీ కొట్టింది. ఆ పేర్లన్నీ తెర మీద చూపించి అందరి చేతా చదివించాను. తర్వాత పెద్దాయన టిక్కీలు రెండూ బయటికి తీయించాను. ఆ తర్వాత అద్దంకి లారీ వచ్చినట్టు మొదటి పేరు కొట్టమన్నాను. అంతే. ఆమెని చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకోమన్నాను.

"ఇప్పుడు ఎవరూ ఏమీ ముట్టుకోవడం లేదు. ఇందాకటి దర్శి పేర్లు మళ్ళీ తెస్తున్నాను, చూడండి" అని ఒక్క మీట నొక్కాను.

తెర మీద దర్శి ఊరే లేదు. ఇందాక అందరూ చదివిన ఇంటిపేరు లేదు. కౌలు రైతు తన పేరు చివర మాత్రం గుర్తుపట్టి, వేలు తెర మీద పెట్టి, "ఇది నేనే గదా. నన్ను అద్దంకోణ్ణి చేసిందెవురు?" అన్నాడు. అద్దంకి పెద్దమనిషి ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. 

పెద్దాయన మా బాస్ వైపు తిరిగి, "ఏవయ్యా, ఇట్టా అయిద్దని నీకు తెలుసా?" అని అడిగాడు.  ఇది చాలా అరుదుగా జరిగేదని, లోతుగా పరిశీలించాలని, టెక్నాలజీలో ఇలాంటివి మామూలేనని బాస్ ఏదేదో మొదలుపెట్టాడు. పెద్దాయన ఆయన్ని వదిలేసి పక్కనున్న ఒంగోలు అతన్ని చూశాడు. "నువ్వు చెప్పు నాయనా. తెలుసా?"

అతను ముందు బాస్ ముఖం వైపు చూశాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆ ఒక్క మాట మీద ఆ అమ్మాయి బతుకు ఆగి ఉంది. నేను ఎంత చూపించినా బాస్ నెల రోజులు తిప్పి చివరికి ఆమె మీదే తోసేయగలడు. తెలిసే దాచారని లోపలివాడు చెబితే తప్ప అది ఆగదు.

"తెలుసండి. ముందే తెలుసు" అన్నాడతను.

ఆ తర్వాత జరిగిందంతా కేకలే. టిక్కీల నష్టం స్టోరేజీ, మా కంపెనీ కలిసి సర్దేటట్టు పెద్దమనుషులు తేల్చారు. కౌలు రైతుకి సరుకు విలువ ముట్టింది. అందరూ లేచి కాఫీల దగ్గరికి పోతుంటే మేనేజరు ఆపరేటర్‌తో, సరేలేమ్మా రేపు డ్యూటీకి వచ్చెయ్ అన్నాడు. దారిలో పొరపాటున తగిలిన మనిషికి సారీ చెప్పినట్టు చెప్పాడు.

ఆమె కదల్లేదు. "నన్ను దొంగదన్నది ఈ గదిలోనే గదా సార్. కాదని కూడా ఇక్కడే చెప్పండి, అందరూ ఉండగానే" అంది.

అందరూ ఆగారు. మేనేజర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ, "పొరపాటు జరిగింది" అన్నాడు. ఎవరి పొరపాటో చెప్పలేదు.  పెద్దమనుషులు కూడా ఇంక చాల్లేమ్మా, అయిపోయింది గదా అని ఆమెకే నచ్చజెప్పారు. మాట పడ్డదీ ఆమే, సర్దుకుపోవాల్సిందీ ఆమే.

మర్నాడే ఆ లెక్క మళ్ళీ స్ట్రింగ్ క్లాస్‌లో పెట్టాం. పెట్టడానికి అరపూట కూడా పట్టలేదు. స్పీడు తగ్గిందని ఇవాళ్టి దాకా ఒక్క కౌంటర్ నుంచి కూడా ఫిర్యాదు రాలేదు. స్టోరేజీలకు పంపిన కొత్త వెర్షన్ వివరాల్లో బాస్ ఏం రాయించాడో తెలుసా? "పనితీరు మరింత మెరుగుపరచడమైనది" అని. నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు, తిట్టాను.

అక్కడితో అయిపోతే నేను ఇదంతా రాసేదాన్ని కాదు. నెల తిరక్కుండా బాస్ నన్ను పిలిచి ఒక కొత్త తెర చేయమన్నాడు. ఆపరేటర్ పొద్దున్నే లాగిన్ కాగానే అది రావాలి. "ఈ రోజు నమోదులలో జరిగే ఏ పొరపాటుకైనా పూర్తి బాధ్యత నాదే" అన్న వాక్యం, కింద అంగీకరిస్తున్నాను అన్న బటన్. అది నొక్కితేనే లోపలికి పోనివ్వాలి. లాయర్ చెప్పాడట, యజమానులకి కూడా నచ్చిందట. అంత గొడవలో మా కంపెనీ నేర్చుకున్నది అదీ. ఇంకోసారి మేము ఇలాంటి పనే చేస్తే, ఆ అమ్మాయి ముందే ఒప్పేసుకుని ఉంటుంది.

రాయనన్నాను. ఇంత చిన్న పనికి పేచీ ఏమిటి మేడమ్ అన్నాడు. చిన్న పనైనా నా చేత్తో జరగదని చెప్పి బయటికి వచ్చేశాను. నా సర్వీసు ఎలాగూ అయిపోవచ్చింది, నన్ను ఏం చేయగలడు. మిగిలిన రోజులు నాకు పని చెప్పడం మానేశాడు, అంతే.

ఆ తెర ఒంగోలు అతను రాశాడు. పెద్దమనుషుల ముందు "తెలుసండి" అన్న అతనే. ఆ మాట అన్నందుకు అతన్ని ఆఫీసులో పక్కన పెట్టారు, ఇంటి అప్పు ఉంది, ఇంకోచోట దొరికే దాకా ఆగాలి అని నాతో చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. అయినా నాకు అతని మీద కోపం లేదంటే అబద్ధం. ఆ రోజు ఆ గదిలో అతను ఎంత ధైర్యం చేశాడో కళ్ళారా చూశాను కాబట్టే ఇంకా ఎక్కువ కోపం. పిల్లలూ, సర్వర్ సోర్స్ కోడ్‌లో తప్పు దొరికితే ఎలా దిద్దాలో మీకు కాలేజీలో చెబుతారు. ఇలాంటి తెర రాయమని మీకూ ఒకరోజు ఎవరో చెబుతారు. ఆ రోజు మీ పక్కన ఎవరూ ఉండరు.

ఈ సీజన్లో ఒకసారి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అదే స్టోరేజీ, అదే కుర్చీ. లారీలు బాగానే వస్తున్నాయంది, వెనక హారన్లు వినపడుతున్నాయి. ఆ తెర ఇంకా వస్తోందా అని అడిగాను. రోజూ పొద్దున్నే వస్తోందట.

"మరి ఏం చేస్తున్నావమ్మా?" అన్నాను.

"నొక్కుతున్నా మేడమ్. నొక్కకపోతే ఒక్క పేరు కూడా కొట్టనివ్వదు" అంది.